ఇనుము ఉత్తరానిది, పన్ను ఎవరిది?

స్వీడన్ ఉత్తర కొసన నార్‌బోటెన్ అనే జిల్లా ఉంది. విస్తీర్ణం దాదాపు 98 వేల చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణ కంటే కాస్త చిన్నది. జనం మాత్రం రెండున్నర లక్షలు. దేశపు నేలలో నాలుగో వంతు ఇక్కడే ఉంది, జనాభాలో రెండున్నర శాతం కూడా లేదు. 1960లో ఇక్కడ 2.6 లక్షల మంది ఉండేవారు. అప్పుడు స్వీడన్ మొత్తం జనాభా 75 లక్షలు, ఇప్పుడు కోటీ ఆరు లక్షల దగ్గర ఉంది. దేశం నలభై శాతం పెరిగితే నార్‌బోటెన్ ఉన్నచోటే ఉండి కాస్త తరిగింది కూడా.

అదే కాలంలో ఆ జిల్లా నుంచి బయటికి పోయిన సరుకు తగ్గలేదు. యూరోపియన్ యూనియన్‌లో తవ్వే ఇనుప ఖనిజంలో సింహభాగం కిరునా, మాల్మ్‌బెరియెట్ గనులదే. లూలే నది మీది ఆనకట్టలు ఏటా 13 టెరావాట్ అవర్లకు (1,300 కోట్ల యూనిట్లకు) పైగా కరెంటు తీస్తాయి. కలప సంగతి చెప్పనే అక్కర్లేదు. కాబట్టి "జనం పోతున్నారు, ప్రాంతం చచ్చిపోతోంది" అనే మాట నాకు మింగుడు పడదు. 2018 నుంచి 2023 దాకా స్టాక్‌హోమ్ పత్రికలు మోగించిన రెండో పాట, అంటే "బ్యాటరీలొచ్చాయి, గ్రీన్ స్టీల్ (బొగ్గు బదులు హైడ్రోజన్‌తో చేసే ఉక్కు) వచ్చింది, ఉత్తరం లేచింది" అన్నది కూడా అంతే. ఉత్తరానికి పరిశ్రమ కరువు ఎన్నడూ లేదు. ఆ పరిశ్రమ డబ్బు ఏ దారిన పోతుందో నిర్ణయించే నియమాలే దానికి వ్యతిరేకంగా ఉన్నాయన్నది నా వాదన.

ముందు జనాభా అంకెను ఎలా చదవాలో చూద్దాం, ఎందుకంటే జిల్లా మొత్తం అంకె దాదాపు ఏమీ చెప్పదు. నార్‌బోటెన్‌లో 14 మున్సిపాలిటీలున్నాయి. సముద్రం ఒడ్డున ఉన్న లూలెయోలో 79 వేల మంది, పీతెయోలో 42 వేల మంది. ఈ రెండింటిలోనే జిల్లా జనంలో సగం మంది ఉన్నారు. లోపలికి వెళ్తే యోక్‌మోక్‌లో ఐదు వేలకు లోపు, ఆర్యెప్లోగ్‌లో 2,700కు లోపు. ఈ రెండూ వైశాల్యంలో ఒక్కోటి మన పెద్ద జిల్లాలంతేసి ఉంటాయి. పాయలా, ఓవర్‌కాలిక్స్ లాంటి చోట్ల ముగ్గురిలో దాదాపు ఒకరు 65 దాటినవారు. యువకుల కంటే యువతులు తక్కువ. చదువుకని ఊమెయోకో ఉప్సాలాకో వెళ్లిన అమ్మాయి తిరిగి రాదు. గనిలో పని దొరికిన అబ్బాయి ఉండిపోతాడు. 2024లో స్వీడన్ సంతాన రేటు 1.43కి దిగింది. 1749 నుంచి లెక్కలున్న దేశంలో అప్పటిదాకా ఇంత తక్కువ ఎప్పుడూ లేదు. అంటే ఇకమీదట ఒక ఊరి జనం పెరగాలంటే ఇంకో ఊరి నుంచో ఇంకో దేశం నుంచో రావాల్సిందే.

అందుకే ఒక ఊరి బాగోగులు తెలియాలంటే నేను మొత్తం జనాభా చూడను. 20 నుంచి 35 ఏళ్ల మధ్య ఆడవాళ్లు ఎంతమంది, వాళ్లు ఐదేళ్ల క్రితం కంటే పెరిగారా తగ్గారా అన్నది చూస్తాను. బడి, ప్రసూతి వార్డు, ఇళ్ల ధర, పదిహేనేళ్ల తర్వాతి పన్ను ఆదాయం అన్నీ ఆ అంకెనే పట్టుకుని నడుస్తాయి.

నవంబరు 1

ఇక్కడ స్వీడన్ పన్ను పద్ధతి కొంచెం వివరంగా చెప్పాలి. ఇది అర్థం కాకపోతే మిగతాదంతా గాలిలో మాటలే.

జీతం మీద స్థానిక ఆదాయపు పన్ను సగటున 32 శాతం పైచిలుకు. అందులో దాదాపు రెండొంతులు మున్సిపాలిటీకి, మూడో వంతు ఆసుపత్రులు నడిపే ప్రాంతీయ మండలికి వెళ్తాయి. పన్ను ఎక్కడికి పోవాలో తేల్చేది పని చేసిన చోటు కాదు, మనిషి పేరు నమోదైన చోటు. అదీ అంతకుముందు ఏడాది నవంబరు 1న జనాభా రిజిస్టర్‌లో ఉన్న చిరునామా. భార్యాపిల్లలు దక్షిణాన ఉండి, తాను కిరునాలో వారం పని, వారం సెలవు లెక్కన షిఫ్టు చేసే మనిషి కుటుంబం ఉన్నచోటే నమోదై ఉంటాడు. చట్టం కూడా అదే చెబుతుంది. స్టాక్‌హోమ్ నుంచి కిరునాకు విమానంలో గంటన్నర. బుధవారం ఎక్కి, గని క్యాంపులో పడుకుని, పై బుధవారం దిగిపోతాడు. అతని ట్రాఫిక్, అతని చెత్త, అతనికి కాలు విరిగితే అంబులెన్సు కిరునా వైపు పడతాయి. అతని పన్ను ఇంకో ఊరి బడికి పోతుంది.

విదేశీ కాంట్రాక్టు కార్మికుల కథ ఇంకోలా ఉంటుంది. ఆరు నెలల లోపు పనికి వచ్చినవారి జీతం మీద వేరే పన్ను పడుతుంది. ఇటీవలి దాకా అది 25 శాతం, మొత్తం కేంద్ర ఖజానాకే. నార్‌బోటెన్‌లోనే ఉన్న బోడెన్‌లో గ్రీన్ స్టీలు కర్మాగారం కట్టడానికి దిగిన వెల్డర్లు, పైపు ఫిట్టర్లు, క్రేన్ ఆపరేటర్లలో చాలామంది ఈ కోవలోకే వస్తారు. సైటు కిటకిటలాడుతుంది, ఊళ్లో హోటలు గది దొరకదు. రిజిస్టర్‌లో మాత్రం బోడెన్ జనాభా 28 వేల దగ్గర నుంచి పెద్దగా కదలదు.

ఆర్యెప్లోగ్‌ది మరీ విచిత్రం. జనవరి నుంచి మార్చి దాకా గడ్డకట్టిన సరస్సుల మీద కార్ల బ్రేకులు పరీక్షించడానికి యూరప్ కంపెనీల ఇంజినీర్లు వేలల్లో దిగుతారు. ఆ మూడు నెలలూ ఊరి జనం రెట్టింపైనట్టు ఉంటుంది. పరీక్షకు వచ్చినవారు నవంబరు 1న ఎవరూ అక్కడ ఉండరు. ఉన్నా లెక్కలోకి రారు.

దీనికి ఒక గట్టి ఎదురు వాదన ఉంది. స్వీడన్‌లో మున్సిపాలిటీల మధ్య ఆదాయ సర్దుబాటు పద్ధతి ఉంది కదా అంటారు. ఉంది, చాలా ఉదారమైనది కూడా. తలసరి పన్ను ఆదాయ పునాది దేశ సగటుకు 115 శాతం దాకా చేరేలా కేంద్రం నింపుతుంది. అంటే కిరునాలో నమోదైన మనిషి గని ఇంజినీరైనా, పింఛనుదారైనా, ఉయ్యాలలో పాపైనా మున్సిపాలిటీ చేతికి దాదాపు ఒకే మొత్తం వస్తుంది. స్థూలంగా ఏడాదికి 60 వేల క్రోనర్లు, మన లెక్కలో ఐదు లక్షల రూపాయల పైమాట. ఇది చదివినవారు "ఇంకేం, గనివాడి పన్ను పోయినా నష్టం లేదుగా" అనుకుంటారు. నిజానికి దెబ్బ ఇక్కడే గట్టిగా తగులుతుంది. తలను బట్టి డబ్బు వస్తుంది కాబట్టి, నమోదు కాని ప్రతి తలతో పాటు ఆ 60 వేలూ పోతాయి. వెయ్యి మంది విమానంలో వచ్చిపోయేవారుంటే ఏడాదికి ఆరు కోట్ల క్రోనర్లు రాకుండా పోయినట్టు. ఇరవై రెండు వేల జనమున్న ఊరికి ఇది చిన్న మొత్తం కాదు.

ఇంకో చిక్కు తేదీతో వస్తుంది. నవంబరు 5న ఒక కుటుంబం ఇద్దరు పిల్లలతో వచ్చి చేరిందనుకోండి. మరుసటి ఏడాది బడ్జెట్‌కు లెక్క అప్పటికే మూసేశారు. ఆ పిల్లలు డబ్బు లెక్కలోకి వచ్చేది ఆ పై నవంబరులో, డబ్బు చేతికొచ్చేది దాని పై జనవరిలో. పద్నాలుగు నెలల పాటు బడిలో సీటు, మధ్యాహ్న భోజనం, బస్సు అన్నీ మున్సిపాలిటీ సొంత ఖర్చు. మెల్లగా పెరిగే ఊరికి ఇది సర్దుకునే విషయమే. ఏడాదికి వెయ్యి మంది చొప్పున వచ్చిపడే ఊరికి అప్పు చేయక తప్పదు.

జనం తగ్గినప్పుడేమో ఖర్చు అదే వేగంతో తగ్గదు. నీటి పైపులు నేల గడ్డకట్టని లోతున, రెండు మీటర్లకు పైగా కింద ఉంటాయి. వీధిలో ఇరవై ఇళ్లున్నా పన్నెండే మిగిలినా పైపు పొడవు అంతే, మంచు తీసే ట్రాక్టరు తిరగాల్సిన దూరం అంతే. వాడకం తగ్గితే పైపులో నీళ్లు నిలిచి గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది కాబట్టి కొన్నిచోట్ల ఊరికే నీళ్లు వదలాల్సి వస్తుంది.

కిరునా కింద ఏముంది

ఈ లెక్కలన్నీ ఒకేచోట కనబడాలంటే కిరునా చూడాలి. ఊరు 1900లో పుట్టింది. ఖనిజాన్ని నార్వే రేవు నార్విక్‌కు చేర్చే రైలు మార్గం 1903లో తెరిచారు. గని నడిపే ఎల్‌కేఏబీ ప్రభుత్వ కంపెనీ. ఖనిజపు పొర సుమారు నాలుగు కిలోమీటర్ల పొడవు, 80 మీటర్ల వెడల్పు ఉన్న పలకలా దాదాపు 60 డిగ్రీల వాలుతో తూర్పుకు, అంటే ఊరి కిందికి దిగుతుంది. దాన్ని సబ్‌లెవల్ కేవింగ్ పద్ధతిలో తవ్వుతారు. కింద సొరంగాల్లోంచి పైకి విసనకర్ర ఆకారంలో రంధ్రాలు వేసి, రాత్రి ఒంటిగంటన్నర ప్రాంతంలో పేల్చి, రాలిన ఖనిజాన్ని లోడర్లతో ఎత్తుకుంటారు. ఖాళీ అయిన చోటును నింపరు, పైనున్న రాయి దానంతటదే కూలి నిండుతుంది. చౌకైన పద్ధతి, సురక్షితమైనది కూడా. కాకపోతే పలక ఏ వైపు వాలుతుందో ఆ వైపు నేల పగులుతూ పోతుంది. గని ఎంత లోతుకు దిగితే పగులు అంత తూర్పుకు జరుగుతుంది. ఇప్పటి ప్రధాన రవాణా అంతస్తు 1,365 మీటర్ల లోతున ఉంది.

ఊరు జరపాలన్న సంగతి 2004లో బయటపడింది. మూడు కిలోమీటర్ల తూర్పున కట్టిన కొత్త ఊరి కేంద్రం 2022 సెప్టెంబరులో తెరిచారు. 1912 నాటి చెక్క చర్చిని 2025 ఆగస్టులో రెండు రోజుల పాటు చక్రాల మీద ఐదు కిలోమీటర్లు నడిపించి తెచ్చారు. 672 టన్నులు. టీవీలో చూసి మురిసిపోని వారు లేరు. అదే నెలలో ఎల్‌కేఏబీ మరో ఆరు వేల మంది, 2,700 ఇళ్లు కూడా కదలాలని ప్రకటించింది. ఆ వార్త టీవీలో అంతసేపు నడవలేదు.

పరిహారం సంగతికి వస్తే, సొంత ఇల్లున్నవారికి మార్కెట్ ధర మీద 25 శాతం కలిపి ఇస్తారు, లేదా బదులు ఇల్లు ఇస్తారు. కాగితం మీద బాగుంది. అద్దెకున్నవారికి పాత 1960ల అపార్ట్‌మెంటు అద్దెకూ కొత్త భవనం అద్దెకూ పొంతన ఉండదు. కొన్నేళ్ల పాటు మెట్లు మెట్లుగా పెంచి నొప్పి తగ్గించారు తప్ప పెరుగుదల ఆగలేదు. దుకాణాలదీ అదే గొడవ. కొత్త కేంద్రం పల్లపు చోటున ఉంది, చలిగాలి అక్కడ దిగి నిలుస్తుంది. పాత ఊరి కంటే శీతాకాలంలో పది డిగ్రీల దాకా చల్లగా ఉండొచ్చని గోథెన్‌బర్గ్ యూనివర్సిటీ పరిశోధకులు లెక్కగట్టారు. ఎత్తున వాలు మీద ఊరు పెట్టిన పాతవాళ్లు తెలివితక్కువవాళ్లేం కాదు మరి.

ఇంత జరిగినా కిరునా మున్సిపాలిటీకి కట్టుకోవడానికి సొంత నేల చాలదు. వైశాల్యం ఇరవై వేల చదరపు కిలోమీటర్లు, కానీ చుట్టూ ఉన్నదంతా ప్రధానంగా ప్రభుత్వ భూమి. దాని మీద ఖనిజాలకు, రెయిన్‌డీర్ల మేతకు, రక్షణ శాఖకు జాతీయ ప్రాధాన్యం పేరిట ముందే గీతలు గీసి ఉన్నాయి. 1970ల మధ్యలో 31 వేల మంది ఉన్న ఊళ్లో ఇప్పుడు 22 వేల పైచిలుకు మిగిలారు. గని మాత్రం ఆగలేదు, యంత్రాలు మనుషుల్ని తగ్గించాయంతే. 2023 జనవరిలో పక్కనే పెర్ యెయెర్ అనే చోట అరుదైన మృత్తిక ఖనిజాల (రేర్ ఎర్త్) నిక్షేపం ప్రకటించారు. అది తవ్వితే గాబ్నా అనే సామీ (ఉత్తరాది ఆదివాసీ) సమూహపు రెయిన్‌డీర్లు కొండల నుంచి అడవికి వెళ్లే దారి నడుమ తెగుతుంది. "జనం లేని ఖాళీ ప్రాంతం" అని రాసేవారు ఒకసారి ఈ మేత దారుల పటం చూడాలి. రెయిన్‌డీరుకు ఎకరాలు చాలవు, ఋతువును బట్టి వందల కిలోమీటర్ల దారి కావాలి. పలచగా వాడితేనే నిలిచే భూమి అది, దాన్ని ఖాళీ అనడం లెక్క తెలియక.

మరి ఖనిజం మీద రాయల్టీ? స్వీడన్ గనుల చట్టం ప్రకారం 2005 తర్వాత ఇచ్చిన లీజుల్లో తవ్విన ఖనిజం విలువలో వెయ్యికి రెండు పాళ్లు, అంటే 0.2 శాతం కట్టాలి. అందులో 0.15 భూమి యజమానికి, 0.05 కేంద్రానికి. మున్సిపాలిటీకి సున్నా. పైగా ఎల్‌కేఏబీ లాభాల్లోంచి వచ్చే డివిడెండు కూడా యజమానిగా కేంద్రానికే.

నది ఒకటే, నియమాలు రెండు

కరెంటు విషయంలో అన్యాయం ఇంకా తేటగా కనిపిస్తుంది, ఎందుకంటే పక్క దేశంతో పోల్చి చూడొచ్చు. స్వీడన్‌లో జలవిద్యుత్ కేంద్రాల మీద ఆస్తి పన్ను ఉంది, అది కేంద్రానికి పోతుంది. 2016లో పార్టీల మధ్య కుదిరిన ఇంధన ఒప్పందం తర్వాత దాన్ని దశలవారీగా 0.5 శాతానికి తగ్గించారు. యోక్‌మోక్ లాంటి ఊరికి నీటి కోర్టుల పాత తీర్పుల కింద వచ్చే చిన్న నిధి తప్ప ఏమీ దక్కదు.

నార్వేలో అదే నీళ్లు, అవే కొండలు. అక్కడి మున్సిపాలిటీ విద్యుత్ కేంద్రం మీద 0.7 శాతం దాకా ఆస్తి పన్ను వేసుకోవచ్చు. ఉత్పత్తయ్యే కరెంటులో పది శాతం దాకా తయారీ ఖర్చుకే కొనుక్కునే హక్కు ఉంది, దాన్ని మార్కెట్లో అమ్ముకుని మిగులు తన ఖాతాలో వేసుకుంటుంది. ఇవి కాక యూనిట్‌కు 1.1 ఊరె (ఊరె అంటే క్రోనర్‌లో వందో వంతు) చొప్పున సహజ వనరుల పన్ను మున్సిపాలిటీకి, 0.2 ఊరె జిల్లాకు. కంపెనీ దీన్ని కేంద్రానికి కట్టే పన్నులోంచి తగ్గించుకుంటుంది కాబట్టి దానికి భారం పడదు. పశ్చిమ నార్వే కొండల్లో వెయ్యి మంది ఉన్న మున్సిపాలిటీ కూడా ఈత కొలను, సంగీత పాఠశాల నడపగలగడంలో రహస్యమేమీ లేదు.

లూలే నది దగ్గర మెస్సావ్‌రె అని ఒక ఊరుండేది. 1957 తర్వాత ఆనకట్ట కట్టే రోజుల్లో వేల మంది ఉన్నారు. బడి, దుకాణాలు, సినిమా అన్నీ ఉండేవి. పని అయ్యాక ఇళ్లను విప్పి పట్టుకుపోయారు. ఇప్పుడు అడవిలో ఆ వీధుల జాడలు మిగిలాయి. ఆనకట్ట ఇంకా కరెంటు ఇస్తూనే ఉంది. నిర్మాణపు జనాన్ని చూసి ఊరు పెరిగిందనుకోకూడదని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. అప్పటివారికి ఆ సంగతి ముందే తెలుసు, అందుకే విప్పదగ్గ ఇళ్లు కట్టారు.

2011 నవంబరులో స్వీడన్‌ను నాలుగు కరెంటు ధర ప్రాంతాలుగా విడగొట్టినప్పుడు ఉత్తరానికి మొదటిసారి ఒక సొంత లాభం చేతికొచ్చింది. తీసే చోట చవక, వాడే చోట ఖరీదు. 2022లో దక్షిణ కొసన ధర ఉత్తరపు ధరకు రెట్టింపు దాటింది. లూలెయోకు ఫేస్‌బుక్ డేటా సెంటర్, షెలెఫ్తెయోకు బ్యాటరీ ఫ్యాక్టరీ, బోడెన్‌కు హైడ్రోజన్ స్టీలు రావడానికి ఉత్తరపు చవక కరెంటు ఒక ముఖ్య కారణం. డేటా సెంటర్ల గురించి ఒక్కమాటలో ముగిస్తాను. మెగావాట్లు చాలా మింగుతాయి, ఉద్యోగాలు చాలా తక్కువ ఇస్తాయి, మున్సిపాలిటీకి తలలు దాదాపు చేరవు.

షెలెఫ్తెయో లెక్క

షెలెఫ్తెయో పక్క జిల్లా వెస్టర్‌బోటెన్‌లోది. 2017లో నార్త్‌వోల్ట్ అనే బ్యాటరీ కంపెనీ ఈ ఊరిని ఎంచుకుంది. 2021 డిసెంబరు చివర్లో మొదటి సెల్ తయారైంది. జనాభా 72 వేల నుంచి 77 వేల దాకా వెళ్లింది. దశాబ్దాలుగా కదలని ఊరికి అది సునామీ లాంటిదే. మున్సిపాలిటీ ఇళ్లకు నేల సిద్ధం చేసింది, బళ్లు కట్టింది, రోడ్లు వేసింది.

ఫ్యాక్టరీ తొలి దశ సామర్థ్యం ఏడాదికి 16 గిగావాట్ అవర్లు. 2023లో తీసింది ఒక గిగావాట్ అవర్ కూడా లేదు. బ్యాటరీ సెల్ తయారీలో ఉన్న కష్టం ఇదే. ఎలక్ట్రోడ్ పూత మందంలో కాస్త తేడా వచ్చినా, డ్రై రూమ్‌లో తేమ హద్దు దాటినా సెల్ తుక్కులోకే పోతుంది. అమ్మగలిగే సెల్ శాతం పెరిగేదాకా ప్రతి రోజూ నష్టమే. ఆసియా కంపెనీలు ఏళ్ల తరబడి నేర్చుకున్న పని అది. 2024 జూన్‌లో బీఎండబ్ల్యూ రెండు వందల కోట్ల యూరోల ఆర్డరు వెనక్కి తీసుకుంది. సెప్టెంబరులో స్వీడన్‌లో 1,600 ఉద్యోగాల కోత ప్రకటించారు. నవంబరులో అమెరికాలో దివాలా రక్షణ కోరారు, 2025 మార్చి 12న స్వీడన్‌లో దివాలా. జూన్ చివరికి లైను ఆగిపోయింది. ఆగస్టులో అమెరికా కంపెనీ లైటెన్ కొంటానని ముందుకొచ్చింది.

ఉద్యోగుల్లో వందకు పైగా దేశాలవారుండేవారు, భారతీయులు కూడా తక్కువేం కాదు. మనవాళ్లకు ఇలాంటి చోట ఉద్యోగం వచ్చినప్పుడు జీతంతో పాటు పర్మిట్ షరతులు చదవాలి. దివాలా నాటి నిబంధనల ప్రకారం తొలి రెండేళ్ల పర్మిట్ ఆ యజమానికీ ఆ వృత్తికీ కట్టుబడి ఉంటుంది. ఉద్యోగం పోతే మూడు నెలల్లో ఇంకో ఉద్యోగం చూసుకుని కొత్త దరఖాస్తు పెట్టాలి, ఆ జీతం దేశపు మధ్యస్థ వేతనంలో 80 శాతానికి తగ్గకూడదు. స్టాక్‌హోమ్‌లో మూడు నెలలు సరిపోవచ్చు. పెద్ద యజమానులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగే ఊళ్లో, వేల మంది ఒకేసారి వెతుకుతున్నప్పుడు అది వేరే దేశపు లేదా వేరే ఊరి టికెట్టు. కాబట్టి పరిశ్రమ మూతపడినప్పుడు ముందు పోయేది కొత్తగా వచ్చిన ఆ తలలే, అదీ 20–35 ఏళ్లవి. మున్సిపాలిటీకి మిగిలేవి బడి గోడలు, వాటి వడ్డీ.

ఇంత దెబ్బ తగిలినా షెలెఫ్తెయో కూలిపోలేదు. ఎందుకో చూడండి. ఊరికి సొంత విద్యుత్ కంపెనీ ఉంది, షెలెఫ్తెయో క్రాఫ్ట్. దేశంలోనే పెద్దవాటిలో ఒకటి, యజమాని మున్సిపాలిటీయే. నది లాభం ఊరి ఖజానాకు చేరుతుంది. పక్కన రోన్‌షార్ లోహ శుద్ధి కర్మాగారం 1930 నుంచి నడుస్తోంది, కలప పరిశ్రమ ఉంది. యోక్‌మోక్‌కు ఆ అదృష్టం లేదు, నది మొత్తం కేంద్ర కంపెనీది. పాయలా సంగతి ఇంకా సన్నం. ఆరు వేల లోపు జనం ఉన్న ఆ ఊళ్లో 2012లో ఇనుప గని తెరిచారు. ఖనిజాన్ని 90 టన్నుల లారీల్లో 160 కిలోమీటర్లు మోసి రైలెక్కించాలి. టన్ను ధర బాగున్నన్నాళ్లే ఆ లెక్క నిలుస్తుంది. ధర పడింది, 2014 డిసెంబరులో కంపెనీ దివాలా తీసింది. 2018లో వేరే యజమానులు తిరిగి తెరిచారు. అప్పటికి ఎవరి అప్పులు వారి నెత్తినే ఉన్నాయి.

ఇళ్ల దగ్గర బ్యాంకు కూడా ఇదే భయంతో లెక్క వేస్తుంది. ఉదాహరణకు కొత్త ఇంటికి నలభై లక్షల క్రోనర్లు ఖర్చయితే, లోతట్టు ఊళ్లో కట్టిన మర్నాడే దాని మార్కెట్ ధర ఇరవై లక్షలు ఉండొచ్చు. అప్పు పరిమితి మార్కెట్ ధరలో 85 శాతం అనుకుంటే దొరికేది పదిహేడు లక్షలు. మిగతా ఇరవై మూడు సొంత జేబులోంచి. జీతం ఎంత ఉన్నా పాతికేళ్ల నర్సు దగ్గర అంత ఉండదు. అందుకే ఉద్యోగాలున్నా ఇళ్లుండవు, ఇళ్లు లేక విమానంలో వచ్చిపోతారు, పేరు నమోదు కాదు.

సేవలు కూడా జనాన్ని తరిమేస్తాయి. 2017 జనవరి చివర్లో సొలెఫ్తెయో (షెలెఫ్తెయో కాదు, ఇంకా దక్షిణాన ఉన్న వేరే ఊరు) ఆసుపత్రి ప్రసూతి వార్డు మూసేశారు. తర్వాతి వార్డు వంద కిలోమీటర్ల పైమాట. కారులో కాన్పు అయితే ఏం చేయాలో మంత్రసానులు దంపతులకు క్లాసులు పెట్టారు. పిల్లల్ని కనాలనుకునే వయసు వారికి ఇంతకంటే స్పష్టంగా "మీరు ఇక్కడ ఉండొద్దు" అని చెప్పడం కష్టం. దీనికి ఎదురుగా ఊమెయోను చూడండి. 1965లో అక్కడ యూనివర్సిటీ పెట్టారు, ఉత్తరానికంతటికీ పెద్దాసుపత్రి అక్కడే. 1970తో పోలిస్తే జనాభా దాదాపు రెట్టింపై 1.3 లక్షలు దాటింది. గనీ లేదు, పెద్ద ఫ్యాక్టరీ మాయా లేదు.

నార్వే ఉత్తర కొసనున్న ఫిన్‌మార్క్‌లో ఇంకో ప్రయోగం జరిగింది. 1990 నుంచి అక్కడ, పక్కనున్న ఉత్తర ట్రోమ్స్‌లో నివసించేవారికి ఆదాయపు పన్ను తక్కువ, యజమానులకు ఉద్యోగి మీద కట్టే 14.1 శాతం సామాజిక పన్ను లేదు, కరెంటు మీద పన్ను లేదు. చదువు అప్పులో ఏడాదికి పది శాతం మాఫీ ఇచ్చారు, చాలాకాలం దాని పరిమితి 25 వేల క్రోనర్లు. ముప్పై అయిదేళ్ల తర్వాత జనాభా మొదలుపెట్టినప్పటిలాగే 75 వేల దగ్గర ఉంది. "అంత ఖర్చుపెట్టి పెరగలేదుగా" అని వెక్కిరించేవారున్నారు. నేను దాన్ని గెలుపనే అంటాను. స్వీడన్ లోతట్టు మున్సిపాలిటీలు అదే కాలంలో ఎంత పోగొట్టుకున్నాయో చూశాక, నిలబడటమే పెద్ద పని.

ఇక చేయాల్సింది ఏమిటి? రెండు మార్పులు చాలు. మొదటిది, నార్వే తరహా 1.1 ఊరె. లూలే నది 13 టెరావాట్ అవర్లకు లెక్కేస్తే ఏడాదికి 14 కోట్ల క్రోనర్ల పైన, నది ఒడ్డున ఉన్న మూడు నాలుగు మున్సిపాలిటీలకు పంచడానికి. కంపెనీ మీద కొత్త భారం అక్కర్లేదు, కేంద్రం తన వాటా తగ్గించుకోవాలి. రెండోది, సగానికి పైగా పనిదినాలు ఒక మున్సిపాలిటీలో చేసేవారి స్థానిక పన్నులో సగం ఆ ఊరికి. దీనికి కొత్త యంత్రాంగం పెట్టాల్సిన పని లేదు. 2019 నుంచి ప్రతి యజమానీ నెలనెలా ఉద్యోగివారీగా జీతం, పన్ను లెక్క పన్ను శాఖకు పంపుతున్నాడు. ఆ ఫారంలో పని చేసిన మున్సిపాలిటీ కోడ్ నెలనెలా నింపేలా ఒక గడి చేర్చితే చాలు. రోజులు సగానికి పైగా ఉన్నాయా లేదా అన్నది షిఫ్టు పట్టికలోనే తెలుస్తుంది.

రెండింటిలోనూ ఒకే చోట బెడిసికొడుతుంది. కొత్తగా వచ్చిన ఈ డబ్బును సర్దుబాటు పద్ధతి మామూలు పన్ను ఆదాయంగా చూస్తే, ఒక చేత్తో ఇచ్చినదాన్ని మరుసటి ఏడాది గ్రాంటులో దాదాపు మొత్తం కోసేస్తుంది. నూటికి 95 వంతులు వెనక్కి పోయి ఐదు మిగులుతాయి. నార్వేలో వనరుల పన్ను కూడా సర్దుబాటులోకి వెళ్లి కొంత అలాగే కరిగిపోతుంది, ఆస్తి పన్నూ ఖర్చు ధర కరెంటూ మాత్రం బయట ఉండి మిగులుతాయి. కాబట్టి చట్టంలో ముందు రాయాల్సింది రేటు కాదు, ఈ రెండు రాబడులూ సర్దుబాటు లెక్కలోకి రావన్న మినహాయింపు.